దీవుల జాబితా తర్వాత, ముందు ఒప్పందం చదవండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గ్రీసు దీవుల మధ్య తెరచాప పడవలో వారం రోజుల విహారం గురించి వచ్చిన వ్యాసం మా ఇంట్లో చేతులు మారి మారి నలిగిపోయింది. వచ్చే సెప్టెంబరులో సరిగ్గా అదే ప్రయాణానికి మేం ఎనిమిది మందిమి సిద్ధమవుతున్నాం. మా వారు, నేను, అన్నయ్యా వదినా, తమ్ముడూ మరదలూ, మా అమ్మాయీ అల్లుడూ. లెక్కలు, కాగితాలు చూసే పని నా మీద పెట్టారు. ప్రభుత్వ రంగ బీమా సంస్థలో మెరైన్ విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని. ఓడల పాలసీలు, తడిసిన సరుకు క్లెయిములు చూస్తూ ఉద్యోగమంతా గడిపాను గానీ, సముద్రం మీద ఒక్క రాత్రి కూడా పడుకుని ఎరగను. కాబట్టి నేను చెప్పేదంతా కాగితాల వైపు నుంచి చెప్పేదే అనుకోండి.

వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే అందులోని కొన్ని మాటలు నమ్మి ఎవరైనా అడ్వాన్సు కట్టేస్తే లక్షల్లో మునుగుతారు. అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి గానీ, లైసెన్సు గురించిన పేరా మాత్రం ఉంచండి.

'లైసెన్సు అక్కర్లేదు, కారు నడిపినంత సులువు' అని రాశారు. అది తప్పు. నడిపే మనిషి లేకుండా ఉత్త పడవను అద్దెకు తీసుకోవడాన్ని బేర్‌బోట్ చార్టర్ అంటారు. గ్రీసులో అలా తీసుకోవాలంటే మనలో ఒకరి దగ్గర అక్కడి అధికారులు ఒప్పుకునే నౌకాయాన సర్టిఫికెట్ ఉండి తీరాలి. ఎక్కువగా అడిగేది ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్స్. పొట్టిగా ఐసీసీ. (మా అల్లుడు మొదట క్రికెట్ అనుకున్నాడు.) ఆ ఒక్కరే కాదు, రెండో మనిషికి కూడా పడవ పని తెలుసని కాగితం మీద రాసివ్వాలి. ఇవి లేకుండా శనివారం సాయంత్రం రేవులో నిలబడితే పడవ ఇవ్వరు, కట్టిన డబ్బూ తిరిగి రాదు. ఒకవేళ ఎలాగో ఇచ్చారే అనుకోండి. అర్హత లేని మనిషి చుక్కాని పట్టాడని తేలిన రోజున క్లెయిము కొట్టేయడానికి బీమా కంపెనీకి అంతకంటే మంచి కారణం దొరకదు. అవతలి సీట్లో కూర్చుని అలాంటి ఫైళ్ళు మూసిన మనిషిని, నా మాట నమ్మండి. నలభై అయిదు అడుగుల కొత్త పడవ ఖరీదు మన డబ్బుల్లో కోట్ల మీద మాట.

మనలాంటి వాళ్ళకు మిగిలే దారి స్కిప్పర్‌తో కలిపి తీసుకోవడం. మన గోదావరి లాంచీల మీద సరంగు ఉంటాడే, అలాంటి మనిషి. జీతం రోజుకు 200 యూరోలకు అటూ ఇటూ అడుగుతున్నారు. భోజనం మనమే పెట్టాలి. మీ వ్యాసంలో ఎక్కడా కనిపించని సంగతి ఒకటుంది, అతనికి పడుకోవడానికి చోటు కూడా మనమే ఇవ్వాలి. నాలుగు క్యాబిన్ల పడవ, నాలుగు జంటలు, చక్కగా సరిపోయిందని మా తమ్ముడు బుక్ చేయబోయాడు. మరి స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడ్రా అని అడిగితే, డెక్కు మీద అన్నాడు. వారం రోజులు మనందరి ప్రాణాలు చేతిలో పెట్టుకుని నడిపే మనిషికి రాత్రి నిద్ర లేకుండా చేసి మనం సాధించేదేముంది? కాబట్టి మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు స్కిప్పర్‌ని కూడా కలిపి లెక్కపెట్టండి. కేటమరాన్ అనే రెండు పొట్టల పడవల్లో కొన్నిటికి ముందు కొనన సిబ్బంది కోసం చిన్న గది ఉంటుంది, దాన్ని వేరేగా అడిగి తెలుసుకోవాలి. మేం అయిదు క్యాబిన్ల ఒంటి పొట్ట పడవకు వచ్చాం. కేటమరాన్ వెడల్పుగా ఉంటుంది, తక్కువ ఒరుగుతుంది, వదినకు అదే నచ్చింది. కానీ మాకొచ్చిన కొటేషన్లలో అది దాదాపు రెట్టింపు ఉంది.

ఇక 'ఏడు రోజుల్లో ఏడు దీవులు' అన్న శీర్షిక. చార్టర్ వారం శనివారం మొదలై శనివారం ముగుస్తుంది, మధ్యధరా తీరంలో ఎక్కువ చోట్ల ఇదే ఆనవాయితీ. శనివారం సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో పడవ చేతికిస్తారు. సామాన్ల పట్టీ సరిచూసుకుని, జాగ్రత్తలు విని, కిరాణా సర్దుకునేసరికి చీకటి పడుతుంది. తిరిగి ఇచ్చేది శనివారం ఉదయమని కాగితం మీద ఉన్నా, చాలా ఒప్పందాల్లో శుక్రవారం సాయంత్రానికే పడవ బయలుదేరిన రేవుకు చేరాలని ఇంకో చోట చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ రాత్రి అందులోనే పడుకుని, పొద్దున తొమ్మిదింటికల్లా దిగిపోవాలి. ప్రయాణానికి మిగిలేది ఆదివారం నుంచి శుక్రవారం దాకా. ఆ శుక్రవారం కూడా తిరుగు ప్రయాణానికి, డీజిల్ నింపుకునే వరసకు పోతుంది.

తెరచాప పడవ వేగం గంటకు అయిదారు నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. అంటే గంటకు పది, పదకొండు కిలోమీటర్లు, అదీ గాలి మంచిగా ఉంటే. మీ ముఖచిత్రం మీద నీలి గోపురాల సాంటొరిని ఉంది. ఏథెన్స్ రేవు నుంచి అది 120 నాటికల్ మైళ్ళకు పైనే. ఎక్కడా ఆగకుండా రాత్రీ పగలూ నడిపితే ఒకవైపుకు ఇరవై గంటలు దాటుతుంది. చేరాక లంగరు వేద్దామంటే అగ్నిపర్వతం పేలి ఏర్పడ్డ లోయ అది, నీళ్ళు మరీ లోతు, పడవలు నిలపడానికి తగిన చోటు సరిగా లేదు. వారం రోజుల చార్టర్‌లో ఏథెన్స్ నుంచి బయలుదేరి సాంటొరిని చూసి వెనక్కి రావడం మనలాంటి కుటుంబాలకు అయ్యే పని కాదు. ఆ ఊరు చూడాలంటే పెద్ద ఫెర్రీలో వెళ్ళి రెండు రోజులు హోటల్లో ఉండి రావడం హాయి.

గాలి సంగతి మీ వ్యాసకర్త ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. ఏజియన్ సముద్రంలో వేసవిలో, ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో, ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి తగ్గదు. గాలి జోరును కొలిచే బోఫర్ట్ కొలమానం మీద ఆరు, ఏడు దాకా పోతుంది. ఉత్తరం గాలిని వెనక పెట్టుకుని దక్షిణానికి సులువుగా దిగిపోతారు, తిరిగి రావాల్సింది ఎదురుగాలిలో. సాంటొరిని ఉన్న సైక్లడీస్ దీవులకు వెళ్ళిన వారం రోజుల పడవలు రేవులో ఇరుక్కుపోవడం ఇలాగే జరుగుతుంది. గాలి మరీ ముదిరితే అధికారులు పడవల్ని కదలనివ్వరు. సోమవారం ఆఫీసు ఉన్న మా అమ్మాయికి నేను మొదట చెప్పిన విషయం ఇదే. మన స్కూళ్ళకు వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. మే చివరి వారాలు గ్రీసులో మంచివే, నీళ్ళు కాస్త చల్లగా ఉంటాయంతే. పిల్లలున్నవాళ్ళు జూలై దాకా ఆగాల్సిన అగత్యమేమీ లేదు.

ఇవన్నీ చూసుకుని మేం ఎంచుకున్నది సారోనిక్ గల్ఫ్. ఏథెన్స్‌కు ఆనుకునే ఉంటుంది, చుట్టూ భూమి ఉండటం వల్ల మెల్టెమి జోరు అక్కడ తక్కువ, దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏథెన్స్‌లోని విహార పడవల రేవు అలిమోస్ మెరీనాలో ఎక్కితే ఏజినా మూడు గంటల ప్రయాణం. అక్కడ పిస్తా తోటలు, గుట్ట మీద క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతంలో కట్టిన అఫాయా ఆలయం ఉన్నాయి. తర్వాత అవతలి తీరంలో ఎపిడావ్రోస్, రేవు నుంచి టాక్సీలో వెళ్తే పాతకాలపు రాతి రంగస్థలం. ఆ పైన పోరోస్. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య సన్నటి కాలువ లాంటి దారిలోంచి పడవ వెళ్తుంది. ఆ తర్వాత హైడ్రా. ఆ దీవిలో చెత్త లారీల్లాంటివి తప్ప మోటారు బండ్లకు అనుమతి లేదు, సామాన్లు గాడిదలు, కంచర గాడిదల మీదే మోస్తారు. రేవు చిన్నది, మధ్యాహ్నానికే నిండిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ లంగరు గొలుసులు ముందు వచ్చినవాళ్ళ గొలుసుల మీద పడి చిక్కుపడతాయి, పొద్దున్నే రేవంతా కేకలట. స్పెట్సెస్ దాకా వెళ్ళాలని మరదలి కోరిక. 1821 స్వాతంత్ర్య యుద్ధంలో ఓడల్ని నడిపించిన బుబులినా అనే వీరనారి ఇల్లు అక్కడ ఉంది. గాలి అనుకూలిస్తే వెళ్తాం, లేకపోతే లేదు. ఒక రోజు ఏ ఊరి పేరూ రాయకుండా ఖాళీగా ఉంచాను. దాని మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది. అన్ని లక్షలు పోసి ఒక రోజు ఖాళీ ఏమిటని అన్నయ్య. ఆ ఖాళీ రోజు లేకపోతే గురువారం సాయంత్రం హైడ్రాలో కూర్చుని గాలి తగ్గాలని మొక్కుకోవాల్సి వస్తుందని నేను. హైడ్రా నుంచి అలిమోస్ ఆరేడు గంటల దూరం మరి.

డబ్బు దగ్గరికి వస్తాను. 'తలకు ఇంత' అని మీరు వేసిన అంకె పడవ అద్దెను ఎనిమిదితో భాగించగా వచ్చింది, అంతే. స్కిప్పర్ జీతం అందులో లేదు. ఆఖర్న శుభ్రం చేసే చార్జీ, దుప్పట్లు, తువ్వాళ్ళు, చిన్న రబ్బరు పడవకు మోటారు, డీజిల్, రేవు రుసుములు, గ్రీసు ప్రభుత్వం వేసే విహార నౌకల పన్ను, ఇవేవీ అందులో లేవు. డీజిల్ ట్యాంకు నిండుగా ఇస్తారు, నిండుగానే తిరిగి ఇవ్వాలి. మాకు వచ్చిన కొటేషన్లలో అయిదు క్యాబిన్ల పడవ సెప్టెంబరు చివర్లో వారానికి నాలుగు వేల యూరోల చుట్టూ ఉంది. పైవన్నీ, తిండీ కలిపితే ఆ మొత్తం రెట్టింపు దగ్గరకు పోతోంది. యూరో వంద రూపాయలు దాటిన రోజులివి. విమానం టికెట్లు దీనికి అదనం. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు ఇదే పడవను 'అన్నీ కలిపి' అంటూ ఇచ్చిన కాగితంలో ఏమేం కలిశాయని అడిగితే, పంపిస్తాను మేడం అన్నారు. ఇప్పటికీ పంపలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సెక్యూరిటీ డిపాజిట్. పడవను బట్టి రెండు వేల నుంచి అయిదు వేల యూరోల దాకా ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. మా ఆఫీసు భాషలో ఇది ఎక్సెస్. పడవకు బీమా ఉంటుంది, నష్టం డిపాజిట్ దాటితే ఆ పైది బీమా చూసుకుంటుంది, దానికి లోపలిదంతా మన జేబులోంచి పోతుంది. చిన్న రబ్బరు పడవ, దాని మోటారు పోయినా, తెరచాప చిరిగినా, ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుని దెబ్బతిన్నా, ఏది ఎవరి లెక్కలోకి వస్తుందో ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. స్కిప్పర్‌ని కంపెనీయే పంపినా, అతని పొరపాటుకు డిపాజిట్ కోస్తారా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా అడగాలి. మేం అడిగిన మూడు చోట్లా మూడు జవాబులు వచ్చాయి! తిరిగిరాని చిన్న మొత్తం కడితే డిపాజిట్ తగ్గించే పద్ధతీ ఉంది, డ్యామేజ్ వేవర్ అంటారు. మా బృందానికి నేను దాన్నే సూచించాను. పడవ తీసుకునే సాయంత్రం చీకటి పడకముందే అంగుళం అంగుళం ఫోన్‌తో వీడియో తీసుకోవాలి. సర్వేయర్ రాకముందు తీసిన ఫొటోకు ఎంత విలువుంటుందో క్లెయిములు చూసినవాళ్ళకు తెలుసు.

ఒక చిన్న పక్కదారి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో, అంటే నేటి బాపట్ల జిల్లాలో, వేయించిన అభయ శాసనం నాకు చాలా ఇష్టమైన కాగితం, కాగితం కాదు, రాయి అనుకోండి. తుపానుకు దారి తప్పి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాగేసుకునేవారు, మేం మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని రాయించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించాడు. సముద్రం కనిపించని ఓరుగల్లులో కూర్చున్న రాజుకు, ఓడ ఎక్కేవాడికి ముందుగా ఏం తెలియాలో తెలిసింది. ఈనాటి చార్టర్ కంపెనీ వెబ్‌సైట్లో సుంకాల పట్టీ వెతుక్కోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

వీసా దగ్గర మరో చిక్కు. గ్రీసుకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. హోటల్ బుకింగ్ బదులు మనం చూపించాల్సింది చార్టర్ ఒప్పందం, అందరి పేర్లూ ఉన్న క్రూ లిస్టు. పడవ కంపెనీలేమో బుక్ చేసినప్పుడు సగం, బయలుదేరడానికి నెల ముందు మిగతా సగం అడుగుతాయి. వీసా ఆ నెలలోపు రాకపోతే? ఎనిమిది మందిలో ఇద్దరికే వస్తే? చాలా ప్రయాణ పాలసీల్లో వీసా నిరాకరణ నష్టం ఉండదు, కావాలంటే వేరే కవరుగా కొనుక్కోవాలి. మేం మాట్లాడుకుని, వీసా రాకపోతే కట్టిన మొత్తాన్ని వచ్చే ఏడాదికి మారుస్తామని మెయిల్లో రాయించుకున్నాం. అడిగితే ఇచ్చారు, అడగనివాళ్ళకు ఎవరూ ఇవ్వరు. వైద్య బీమా పాలసీలో 'ప్రమాదకర క్రీడలు' అన్న మినహాయింపు కింద తెరచాప పడవ వస్తుందా అని కూడా చూడాలి. అన్నయ్యకు షుగరుంది. ముందునుంచీ ఉన్న జబ్బులను దాచిపెట్టి పాలసీ తీసుకోవడం డబ్బు తగలేసుకోవడమే, ఇది మాత్రం ఉద్యోగం నేర్పిన అధికారంతో చెబుతున్నాను.

పడవ లోపలి బతుకు గురించి మీ వ్యాసంలో షాంపేన్ గ్లాసులు తప్ప ఏమీ లేవు. అంత పడవలో మంచినీళ్ళ ట్యాంకు అయిదారు వందల లీటర్లు ఉంటుంది. ఎండాకాలంలో మా అపార్టుమెంటుకు తెప్పించే ట్యాంకరు అయిదు వేల లీటర్లది. అందులో పదో వంతు నీళ్ళతో తొమ్మిది మంది స్నానాలు, గిన్నెలు, అన్నీ జరగాలి, మళ్ళీ నింపుకునే రేవు వచ్చేదాకా. సముద్రంలో మునిగి లేచి, ఆఖర్న ఒక చెంబెడు మంచినీళ్ళు పోసుకోవడమే స్నానం. టాయిలెట్ గొట్టాలు సన్నగా ఉంటాయి, అందులో కాగితం కూడా వేయకూడదు. వేస్తే ఆ మరమ్మతు ఖర్చు కూడా డిపాజిట్లోంచే. కరెంటు పన్నెండు వోల్టుల బ్యాటరీల మీద నడుస్తుంది, మామూలు ప్లగ్గులు రేవులో తీగ తగిలిస్తే తప్ప పనిచేయవు. మిక్సీ, ఇండక్షన్ స్టవ్ మర్చిపోండి. గ్యాస్ పొయ్యి ఉంటుంది, కుక్కర్ పెట్టుకోవచ్చు. పెద్ద గట్టి సూట్‌కేసులు పెట్టడానికి చోటుండదు, మడత పెట్టే మెత్తటి సంచులే తేవాలని ఒప్పందంలోనే రాస్తారు. రేవులో పడవ వెనక భాగాన్ని గట్టు వైపు తిప్పి కడతారు, సన్నటి పలక మీద నడిచి దిగాలి. చీరలు ఇంట్లో పెట్టి రమ్మని వదినకు చెప్పాను, ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

మా వారికి నెయ్యి లేనిదే ముద్ద దిగదు. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురావడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. నెయ్యి కూడా అందులోకే వస్తుంది. కోవా కూడా అంతే. తాజా కరివేపాకు వీల్లేదు. ఆవకాయ, కందిపొడి, చింతపండు పట్టుకెళ్తున్నాం. వెన్న ఏథెన్స్‌లో కొని పడవలోనే కాచుకుంటాం. ఈ సంగతి తెలిశాకే ఆయన పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చారు.

భయం గురించి కూడా రాయాలి. అన్నయ్య మొదట రానన్నాడు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన వార్త మన ఇళ్ళల్లో ఎవరూ మర్చిపోలేదు. అందులో తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళూ ఎందరో ఉన్నారు. ఆయన్ని నేను బతిమాలలేదు, ఏమేం అడగాలో రాసుకోమన్నాను. తలకొక లైఫ్ జాకెట్ ఉందా, అది ఒంటికి సరిపోతుందా, ఆపదలో ఎక్కే తెప్ప ఎప్పుడు తనిఖీ అయింది, రేడియో ఎలా వాడాలి, స్కిప్పరే నీళ్ళలో పడితే మిగిలినవాళ్ళు ఏం చేయాలి. ఈ ఆఖరి ప్రశ్న ఏ బ్రోషర్లోనూ ఉండదు. ఇంజను ఆపడం, వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపదలో సాయం అడిగే 16వ చానెల్ పట్టడం, కనీసం ఇద్దరికి మొదటి రోజే నేర్పమని స్కిప్పర్‌కు ముందే రాశాం. పిల్లలున్నవాళ్ళు వాళ్ళ బరువు చెప్పి జాకెట్లు వేరేగా తెప్పించుకోవాలి. మాలో ముగ్గురికి ఈత రాదు. మరదలూ నేనూ సికింద్రాబాద్‌లో ఈత కొలనులో చేరాం. మా వారు గట్టు మీద కూర్చుని పేపరు చదువుతారు.

పడవ పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఏథెన్స్ దాకా వెళ్ళక్కర్లేదు. మన హుస్సేన్‌సాగర్‌లో ఏళ్ళుగా తెరచాప పడవలు తిరుగుతున్నాయి, వానాకాలంలో జాతీయ స్థాయి పోటీలు జరుగుతాయి. నేర్పే క్లబ్బులున్నాయి. అల్లుడు, అమ్మాయి అక్కడ కొన్ని తరగతులకు వెళ్ళొచ్చారు. గాలి ఎటునుంచి వస్తోందో చెంపకు తెలియడం, తాడు అరచేతిని ఎలా కోస్తుందో తెలియడం, ఒరిగిన పడవలో గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియడం, ఇవి నేర్చుకోవడానికి నెక్లెస్ రోడ్డు చాలు. సముద్రపు ఊపు మాత్రం చెరువులో తెలియదు. కడుపులో తిప్పే రకాలు డాక్టర్ని అడిగి మాత్ర ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం ఉండదు.

గ్రీసే ఎందుకని అడిగేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. సీషెల్స్‌కు మనవాళ్ళకు ముందస్తు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటే చాలు. అక్కడ మాహే, ప్రాలిన్, లా డీగ్ దీవుల మధ్య ఇలాంటి చార్టర్లు నడుస్తాయి. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ నుంచి నవంబరు, ఏప్రిల్ మధ్య సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వీసా టెన్షన్ వద్దనుకునేవాళ్ళకు ఇవే మంచివి. మేం ఆ పాత రాతి రంగస్థలం కోసం గ్రీసు ఎంచుకున్నాం, ఆ పిచ్చి నాది. మన దేశంలో లక్షద్వీప్‌కు వెళ్ళాలంటే పర్మిట్లు కావాలి, మనుషులున్న దీవులు పదే. అండమాన్‌లో గిరిజన రక్షిత ప్రాంతాల దరిదాపులకు వెళ్ళకూడదు, వెళ్ళాలని అనుకోకూడదు కూడా. అక్కడ మామూలు కుటుంబం వారానికి తెరచాప పడవ అద్దెకు తీసుకునే ఏర్పాటు గ్రీసులో ఉన్నంత సులువుగా లేదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరమున్న ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, కాకినాడల నుంచి ఇలాంటివి ఎందుకు మొదలవ్వవో మీ విలేకరులు పర్యాటక శాఖను అడిగితే బాగుంటుంది. దీవులు లేకపోతే పోనీ, తీరం వెంబడి నడపొచ్చుగా.

చివరిగా మిమ్మల్ని కోరేది ఇంతే. లైసెన్సు అక్కర్లేదన్న వాక్యానికి వచ్చే ఆదివారం సవరణ వేయండి. 'తలకు ఇంత' అన్న అంకె పక్కన అందులో ఏమేం కలవలేదో ఒక చిన్న పెట్టెలో రాయండి. మా అపార్టుమెంటులోనే ఇంకో కుటుంబం మీ వ్యాసం చూసి సైక్లడీస్‌కు ఆగస్టు నెలకు అడ్వాన్సు కట్టబోతోంది. వాళ్ళకు నా మాట కంటే పేపర్లో అచ్చయిన మాట మీదే గురి ఎక్కువ.

ఇట్లు,
బీమా సంస్థ మెరైన్ విభాగం విశ్రాంత ఉద్యోగిని,
పశ్చిమ మారేడ్‌పల్లి, సికింద్రాబాద్, హైదరాబాద్ జిల్లా.